పది గంటల ప్యాకింగ్

రేణిగుంట విమానాశ్రయం నుంచి చెన్నై విమానాశ్రయానికి రోడ్డు మీద ఎంతసేపు పడుతుందని ఎవరడిగినా, చాలా ఏళ్ళపాటు నేను "రెండున్నర గంటలు" అని చెప్పేవాణ్ణి. ఆ దారిలో రెండున్నర గంటల్లో నేను ఒక్కసారి కూడా చేరలేదు. బాగా కలిసొచ్చిన రోజున మూడు గంటలు. చెన్నై పొలిమేరల్లో లారీల వెనక చిక్కుకుంటే నాలుగు. ఇది నాకు తెలియక కాదు. తెలిసే తగ్గించి చెప్పేవాణ్ణి. అడిగినవాళ్ళ ముఖంలో కాసేపు తేలిక కనిపించేది. అది నాకు ఇష్టంగా ఉండేది.

ఇంట్లోనూ అంతే. మనుబోలు దగ్గర హైవే పక్కన టీ తాగుతూ, నెల్లూరులో అన్నం వండి ఎదురుచూస్తున్న నా భార్యకి "ఊళ్ళోకి వచ్చేశా" అని ఫోన్లో చెప్పేవాణ్ణి. ఆమె కంచాలు పెట్టేది. నేను చేరేసరికి కూర చల్లారిపోయేది. దాన్ని నేను అబద్ధం అనుకోలేదు. అందరూ అలాగే చెబుతారు కదా అనుకున్నాను. నిజానికి అందరూ అలాగే చెబుతారు కూడా.

సంగంలో మాది వరి పండించే ఇల్లు. వరిచేను కొంచెం ఓర్చుకుంటుంది. కాలవ నీళ్ళు ఈ పూట పెట్టకపోతే రేపు పొద్దున పెట్టుకోవచ్చు. ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి, చదువయ్యాక చిట్టమూరు అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఒక రొయ్య పిల్లల హేచరీలో చేరాను. అక్కడ అంతా గంటల మీదే నడుస్తుంది. ఆ పని తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. తొట్లలో పెంచిన రొయ్య పిల్లల్ని, కనురెప్ప వెంట్రుకంత ఉంటాయి, పాలిథీన్ సంచుల్లో కాస్త ఉప్పునీళ్ళు పోసి అందులో వదులుతాం. పైన ఉన్న ఖాళీ అంతా ఆక్సిజన్ నింపి రబ్బరు బ్యాండ్లు బిగిస్తాం. సంచుల్ని థర్మాకోల్ పెట్టెల్లో పెట్టి, పక్కన ఐసు ముక్కలు పేపర్లో చుట్టి పెడతాం. సంచికి ఎన్ని పిల్లల్ని వేయాలన్నది దారిని బట్టి ఉంటుంది. దగ్గరైతే ఎక్కువ, దూరమైతే తక్కువ. అందుకే మా షెడ్డులో మొట్టమొదట వినబడే ప్రశ్న ఒకటే, "ఎన్ని గంటల ప్యాకింగ్?" ఎనిమిది అంటే ఒక లెక్క, పద్నాలుగు అంటే ఒక లెక్క. ఆ గంటలు చెప్పాల్సినవాణ్ణి నేను.

ఒక ఏడు వేసవి పంటకి నా బావమరిది గుజరాత్‌లో మూడు చెరువులు కౌలుకి తీసుకున్నాడు. మా వైపు వాళ్ళు చాలామంది అక్కడికి వెళ్ళి రొయ్యలు సాగు చేస్తారు. వాడు నా భార్యకి తమ్ముడు, చిట్టమూరులో పుట్టి పెరిగినవాడు. అంతకుముందు రెండు పంటలు తెల్లమచ్చ జబ్బుకి పోయాయి. చెరువుల యజమాని పట్టుమీద ఉన్నాడు. ఆయన చెప్పిన రోజుకి మూడు చెరువుల్లో పిల్ల పడాలి, లేకపోతే ఆ చెరువులకి వేరేవాళ్ళు కాచుకొని ఉన్నారు. బావమరిది నీళ్ళు పెట్టి, అవి ఆకుపచ్చ రంగు తిరిగేదాకా పండించి, పిల్ల కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ పిల్లని పంపేది నేను.

"మూడు చెరువులకీ ఒకే విమానంలో పంపుతా," అని వాడికి మాటిచ్చాను. పిల్ల పంపడానికి ముందు రోజు సాయంత్రం చెన్నై నుంచి కార్గో ఏజెంటు ఫోన్ చేసి, విమానంలో అనుకున్నన్ని పెట్టెలకి చోటు లేదని చెప్పాడు. దొరికిన చోటు రెండు చెరువుల పిల్లకే సరిపోతుంది. నేను చేయాల్సిన పని సులువైనది. బావమరిదికి ఫోన్ చేసి, ఒక చెరువు ఒక్కరోజు ఆగాలి, యజమానితో ఇప్పుడే మాట్లాడుకో అని చెప్పాలి. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. వాడి గొంతు నీరసపడటం వినాలనిపించలేదు. ఫోన్ జేబులో పెట్టేశాను.

పొద్దున్నే షెడ్డులో ప్యాకింగ్ ఆడవాళ్ళందరికీ పెద్దగా ఉండే అక్క, చేతిలో పిల్ల కొలిచే మగ్గుతో, మామూలుగానే అడిగింది.

"ఎన్ని గంటల ప్యాకింగ్ అన్నా?"

"పది."

ఆమె మగ్గు దించింది. "గుజరాత్ అన్నావు గదా నిన్న. పద్నాలుగు గదా ఏసేది ఆడికి?"

"ఈసారి డైరెక్టు విమానం అక్కా. ఆడ దిగంగానే బండి రెడీగా ఉంటాది."

"నువ్వు పది అంటే నేను పన్నెండు అనుకోవాల్నా, పద్నాలుగు అనుకోవాల్నా? ముందే చెప్పేయ్."

పక్కన సంచులు పట్టుకున్న ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె అంది, "అన్న పది నిమిషాలంటే గంట గదక్కా. మరి పది గంటలంటే ఎన్ని రోజులో."

నేనూ నవ్వాను. "పదే," అన్నాను.

"సరే. అందరూ విన్నారు," అని అక్క మగ్గు తొట్టిలో ముంచింది.

ఆ సంచులు నా కళ్ళముందే చిక్కబడ్డాయి. మామూలుగా సంచిని వెలుతురుకి పెడితే పిల్లలు దుమ్ము కదిలినట్టు కదులుతూ, మధ్యమధ్య నీళ్ళు తేటగా కనిపించాలి. ఆ రోజు తేట కనిపించలేదు. పద్నాలుగు గంటల దారికి పది గంటల లెక్కన పిల్లల్ని కుక్కించాను. అన్నీ అనుకున్నట్టు జరిగితే పన్నెండు గంటల్లో చెరువు చేరతాయి, కొద్దిగా పోయినా మిగతావి నిలుస్తాయి అని నాకు నేను చెప్పుకున్నాను. నా జీవితంలో అన్నీ అనుకున్నట్టు జరిగిన రోజు ఒకటైనా గుర్తుచేసుకోవాల్సింది. చేసుకోలేదు.

వ్యాను డ్రైవరు పులికాట్ సరస్సు పక్కన చేపలు పట్టే ఇంటివాడు. నాకన్నా పెద్దవాడైనా నన్ను అన్నా అనే పిలిచేవాడు. ఎండ ఎక్కకముందే బయలుదేరాం. నాయుడుపేట చేరకముందే బావమరిది ఫోన్ చేశాడు.

"యాడున్నావు బావా?"

"సూళ్ళూరుపేట దాటినాం."

డ్రైవరు రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండానే దగ్గాడు.

"మంచిది బావా. చెరువుల సేటు కూడా సాయంత్రం వస్తానన్నాడు. పిల్ల వదిలేటప్పుడు తను ఉండాలంట. నా భార్య టెంకాయలు తెచ్చి పెట్టింది."

"మూడు చెరువులకీ వస్తాండాయిలే, ఏం దిగులు పడబాక," అన్నాను.

ఫోన్ పెట్టాక డ్రైవరు, "సూళ్ళూరుపేట ఎప్పుడు దాటినాం అన్నా? నేను నిద్రపోయినానా?" అని అడిగాడు. మాట మార్చడానికి నేను ఏసీ పెంచమన్నాను.

నిజంగా సూళ్ళూరుపేట దాటి తడ దగ్గరికి వచ్చాక కార్గో ఏజెంటు ఫోన్ వచ్చింది. చెన్నైలో ఎక్కాల్సిన విమానంలో ఏదో లోపం వచ్చిందట. రద్దయింది. మరుసటి రోజుదాకా ఇంకోటి లేదు. అయితే రేణిగుంటలో మధ్యాహ్నం ఒక విమానం ఉంది, హైదరాబాద్ మీదుగా పంపవచ్చు, తనకి తెలిసినవాళ్ళతో మాట్లాడి చోటు పట్టిస్తానన్నాడు.

"యాడున్నారు సార్ మీరు?"

"తడ."

"రేణిగుంటకి ఎంతసేపు పడతాది?"

తడ దగ్గర నిలబడితే రెండు విమానాశ్రయాలూ దాదాపు సమాన దూరంలో ఉంటాయి. చెన్నైకి పెద్ద హైవే ఉంది కానీ ఊరి రద్దీ ఉంటుంది. రేణిగుంటకి వరదయ్యపాళెం మీదుగా కాళహస్తి వెళ్ళాలి. సన్న రోడ్డు, ట్రాక్టర్లు, కాళహస్తిలో యాత్రికుల బస్సులు. పెట్టెలున్న వ్యానులో రెండు గంటలు తక్కువ కాదు. అది నాకూ తెలుసు, డ్రైవరుకీ తెలుసు.

"గంటంబావు," అన్నాను.

"అయితే సరిపోద్ది సార్. బుక్ చేసేస్తున్నా."

డ్రైవరు బండి రోడ్డు పక్కకి ఆపాడు. "నీ గంటంబావుకి నా బండి చాలదన్నా. ఆ విమానమే దిగొచ్చి మనల్ని ఎత్తుకోని పోవాల."

"పోనీ అన్నా. చూద్దాం," అన్నాను.

వరదయ్యపాళెం దారి పట్టాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ దారి మీద నేను చూసింది పెద్దగా ఏదీ గుర్తులేదు. ఎదురొచ్చే ట్రాక్టర్లు గుర్తున్నాయి. ప్రతి మలుపులోనూ వెనక పెట్టెలు ఒకదానికొకటి రాసుకున్న చప్పుడు గుర్తుంది. లెక్క కూడా అక్కడే మొదలయింది. పొద్దున్న సంచుల మూతులు కట్టిన గంట నుంచి వేళ్ళు మడిచాను. రేణిగుంటలో ఎక్కించడానికి ఇంత, హైదరాబాద్‌లో రెండో విమానం దాకా కాచుకోవడానికి ఇంత, గుజరాత్‌లో దిగాక చెరువు దాకా రోడ్డు ఇంత. ఎటు తిప్పినా అర్ధరాత్రి దాటుతోంది. పద్దెనిమిది గంటలు. సంచుల్లో గాలి పది గంటలది. మళ్ళీ మొదటి వేలు నుంచి మడిచాను. కొంచెం కొంచెం తగ్గించి మడిచాను. ఎంత తగ్గించినా పదహారు కంటే కిందికి రాలేదు. జీవితమంతా గంటల్ని తగ్గించి చెప్పినవాడికి ఆ రోజు గంటలు తగ్గలేదు.

కాళహస్తిలో బస్సులు అడ్డం తిరిగి ఉన్నాయి. పూజలు చేయించుకొని తిరిగి వెళ్ళేవాళ్ళు రోడ్డు మీదే బస్సులెక్కుతున్నారు. ఏజెంటు మళ్ళీ ఫోన్ చేశాడు.

"యాడ సార్?"

"ఏర్పేడు దాటాం," అన్నాను. ఏర్పేడు ఇంకా ముందుంది.

"ఐతే వచ్చేసినట్టే. కార్గో కౌంటరులో వాళ్ళని ఫోన్లో పట్టుకొని ఉంటా. అరగంట ఆపగలను, అంతకన్నా నావల్ల కాదు."

ఊరు దాటాక నేనే బండి ఆపమన్నాను. వేపచెట్టు నీడ కనిపించిన చోట ఆగాం. వెనక తలుపు తీసి ఒక పెట్టె దించి, సంచి బయటికి తీశాను. ఐసు సగం కరిగి పేపరు ముద్దయింది. సంచిని ఎండకి ఎత్తి పట్టుకున్నాను. పిల్లలు ఒక మూలకి చేరి ఉన్నాయి. వేలితో తడితే బాగున్న పిల్ల ఒక్కసారిగా చెదిరిపోవాలి. తట్టాను. పైవి చెదిరాయి. కింద ఉన్నవి మెల్లగా కదిలాయి. అడుగున నూకల్లాగా తెల్లగా కొన్ని ఉన్నాయి. అవి కదల్లేదు.

డ్రైవరు నా పక్కనే నిలబడి చూశాడు. "ఇంకో రెండు మూడు గంటలు ఓర్చుకుంటాయన్నా," అన్నాడు. "ఆ తర్వాత నాకు తెలవదు."

నాకు తెలుసు. విమానంలోకి ఎక్కిస్తే హైదరాబాద్‌లోనే చాలావరకు పోతాయి. అక్కడ నిలబడి ఉండగా నా మనసులోకి ఇంకో ఆలోచన వచ్చింది. దాన్ని కూడా ఇక్కడ చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. ఎలాగోలా కౌంటరు చేరి ఎక్కించేస్తే నా పని అయిపోతుంది. విమానం రద్దయింది, ఎండ, హైదరాబాద్‌లో ఎక్కువసేపు ఉంచారు, దారిలో పోయాయి అంటే ఎవరూ కాదనలేరు. ఎన్ని గంటల ప్యాకింగో షెడ్డులో ఆడవాళ్ళకి తెలుసు. గుజరాత్‌లో ఎవరికీ తెలియదు. సంచి పెట్టెలో పెట్టి మూత బిగించాను. "పద," అన్నాను.

అప్పుడే బావమరిది ఫోన్.

"బావా, ఏజెంటు ఇప్పుడే చెప్పినాడు, రేణిగుంట అంటగా. హైదరాబాద్ మీదుగా అంటే అర్ధరాత్రి దాటిపోతాది గదా. సేటుకి ఏమని చెప్పాల?" అన్నాడు. మళ్ళీ, "ఎన్ని గంటల ప్యాకింగ్ బావా?" అని అడిగాడు.

వాడు నన్ను అనుమానించి అడగలేదు. ఈ పనిలో ఉన్న ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న అది. పద్నాలుగు అని చెప్పొచ్చు. ఇరవై అన్నా నమ్మేవాడు. డ్రైవరు తాళం చెవి చేతిలో పట్టుకొని, స్టార్టు చేయకుండా నా వైపు చూస్తున్నాడు.

"పది," అన్నాను.

అవతల వాడి వెనక ఎవరో హిందీలో మాట్లాడుతున్నారు.

"పదేందయ్యా బావా? ఈడికి ఎప్పుడూ పద్నాలుగు గదా."

"పెట్టెలకి చోటు చాల్లేదు. మూడు చెరువులకీ ఒకటేసారి పంపుతానని నీకు చెప్పుండా గదా. అందుకని కుక్కించినా. విమానం ఎక్కిస్తే పోతాయి. ఎక్కించను. వెనక్కి తీసకపోయి మళ్ళీ పల్చగా ప్యాక్ చేయించి, రేపు చెన్నైలో ఎక్కిస్తా. రెండు చెరువులకే వస్తాది."

"నిన్న చెప్పుంటే ఒక చెరువు ఆపుకోనుంటిని గదా బావా. సేటుకి నిన్ననే చెప్పుకోనుంటిని. ఇప్పుడు ఆయన ముందుగానే వచ్చి కట్ట మీద ఉండాడు. నా మొకం ఎట్టా చూపీమంటావు?"

వాడే మళ్ళీ అన్నాడు, "నేను చెప్తే నా మాట నమ్మడు బావా ఆయన. రెండు పంటలు పొయ్యినోణ్ణి. నువ్వే మాట్లాడు."

నాకొచ్చిన హిందీ చెన్నై రైల్లో టీ అమ్మేవాళ్ళతో మాట్లాడే హిందీ. ఫోన్ ఆ యజమాని చేతికి వెళ్ళాక, ఎండలో నిలబడి, "సేట్‌జీ, గల్తీ మేరా. ఇస్కా నహీ. మై ఝూట్ బోలా," అన్నాను. తప్పు నాదని, వాడిది కాదని, అబద్ధమాడానని అంతవరకే చెప్పగలిగాను, మిగతాదానికి నా దగ్గర మాటలు లేవు. ఆయన "కిత్నా ఝూట్?", ఎంత అబద్ధం, అని అడిగాడు. చెన్నై నుంచి రేణిగుంట దాకా అని చెప్పబోయి, చాలా అనే అర్థంలో "బహుత్," అన్నాను. ఆయన నవ్వలేదు. ఫోన్ తిరిగి బావమరిదికి ఇచ్చేసినట్టున్నాడు, వాడు పెట్టేశాడు.

ఏజెంటుకి నేనే ఫోన్ చేశాను. ఏర్పేడు దాటలేదని, కాళహస్తి దగ్గరే ఉన్నామని, చోటు వదిలేయమని చెప్పాను. అతను, "ముందే చెప్పుంటే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేవాణ్ణి గదా సార్. నేనీడ ఫోన్లో వాళ్ళ కాళ్ళు పట్టుకుంటా ఉండా," అన్నాడు. ఆ రోజు ఇద్దరు నాకు ఒకే మాట చెప్పారు, ముందే చెప్పుంటే అని.

డ్రైవరు బండి తిప్పాడు. కాళహస్తి నుంచి నాయుడుపేట మీదుగా హేచరీకి. "ఎంతసేపు పడతాది అన్నా?" అని ఈసారి నేనే అడిగాను.

"నువ్వే చెప్పు."

"రెండు గంటలు."

"ఆఁ. రెండు పడతాది," అన్నాడు.

షెడ్డు చేరేసరికి అక్క ఇంటికి పోవడానికి చీర కొంగు దులుపుకుంటోంది. వ్యాను తిరిగి రావడం చూసి గడపలోనే నిలబడిపోయింది. వెంటనే ఆడవాళ్ళని వెనక్కి పిలిచింది. సంచులు ఒక్కొక్కటే తొట్లో నీళ్ళ మీద తేలేసి, నీటి వేడి సమానం అయ్యాక మూతులు విప్పాం. చచ్చినవి తెల్లగా అడుగుకి దిగాయి. ఆమె చిన్న వలతో వాటిని తోడి బక్కెట్లో వేస్తూ పోయింది. నేను కూడా ఇంకో వల తీసుకున్నాను. అలా ఎంతసేపు తోడామో తెలియదు.

మరుసటి రోజు పొద్దున ఆమె మామూలుగానే అడిగింది, "ఎన్ని గంటల ప్యాకింగ్?"

"పదహారు."

"నిజంగానా?"

"నిజంగానే అక్కా."

ఆమె చేతిలోని మగ్గుని పక్కన పెట్టి, చిన్నది తీసుకుంది.

ఆ రోజు విమానం సమయానికే ఎగిరింది. పిల్ల రెండు చెరువులకి బాగా చేరింది. యజమాని ఆ రెండూ బావమరిదికే ఉంచాడు. మూడోది అదే వారం ఇంకొకరికి ఇచ్చేశాడు. కట్టకి దగ్గరగా ఉండి నీళ్ళు బాగా నిలిచే చెరువు అదే అని, వాడు మొదటి నుంచీ దాని మీదే ఆశ పెట్టుకున్నాడని, చాలా రోజుల తర్వాత నా భార్య చెప్పింది. ఒక్కరోజు ఆగమని చెప్పడానికి నోరు రాక, దాన్ని పూర్తిగా పోగొట్టాను. పంట మాత్రం నిలిచింది. జబ్బు రాలేదు. వాడు ఇంకా అక్కడే సాగు చేస్తున్నాడు, రెండు చెరువులతో. మా హేచరీ ఓనరుకి జరిగింది నేనే చెప్పుకున్నాను. కొన్నాళ్ళు నన్ను డిస్పాచ్ పనికి దూరంగా పెట్టారు. అది న్యాయమే.

బావమరిది నాతో మాట్లాడటం మానలేదు. కానీ ఆ తర్వాత నేను ఏ సమయం చెప్పినా వాడు తన అక్కకి, నా భార్యకి, ఫోన్ చేసేవాడు. "అక్కా, బావ ఎప్పటికి వస్తాడు? నువ్వు చెప్పు." ఆమె నా ముందే, నా వైపు చూడకుండా, నేను చెప్పినదానికి గంట కలిపి చెప్పేది.

పోయిన వేసవిలో వాడు ఊరికి వచ్చాడు. చెన్నైలో దిగుతున్నానని, తీసుకెళ్ళడానికి రమ్మని నాకే ఫోన్ చేశాడు. తడ దగ్గర నుంచి, "రెండు గంటలు పడతాది," అని చెప్పాను. ఎక్కడా ఆగలేదు. సరిగ్గా ఆ సమయానికే విమానాశ్రయం గేటు దగ్గర బండి ఆపాను. వాడు కనిపించలేదు. ఫోన్ చేశాను.

"అప్పుడే వచ్చేసినావా బావా?" వాడి గొంతులో నిజమైన ఆశ్చర్యం. "నువ్వు రెండన్నావని నేను మూడున్నర అనుకొని హోటల్లో కూర్చున్నా. ఇప్పుడే దోసె చెప్పినా."

"తినే రా. నేనుంటా."

"పది నిమిషాలు బావా. వచ్చేస్తాండా."

సరే అని, బండి ఇంజను ఆపేసి, సీటు వెనక్కి వాల్చుకున్నాను.